ముందు చీటీ, తర్వాత ఫోను

షాపు వెనక గది,
ఫిబ్రవరి 3

చెల్లికి,

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. మన ఇల్లు నీకు తెలియనిదా? వెనక గదిలో నేను తుమ్మితే ముందు షాపులో నిలబడ్డవాళ్ళు ముక్కు తుడుచుకుంటారు. చెప్పాల్సింది ఇంట్లోవాళ్ళ గురించి. అందుకే కాగితం.

నిన్న పొద్దున సంగతి రాస్తాను. విశేషమేమీ లేదు. రోజూ ఉండే పొద్దునే.

ఐదింటికి లేచి ప్రార్థన చేసుకున్నాను. షట్టరు సగం ఎత్తాను. ఇస్త్రీబల్ల మీద దుప్పటి దులిపి పరిచాను. నీళ్ళ సీసా నింపాను. గెస్ట్‌హౌస్ దుప్పట్లు నలభై, మూటలు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. ఆరింటికి తమ్ముడు వచ్చి పెద్ద ఇస్త్రీపెట్టెకి ప్లగ్గు పెట్టాడు. అది వేడెక్కేదాకా కుడి మణికట్టుని ఎడమచేత్తో పిసుక్కుంటూ నిలబడ్డాడు. నేను చూశానని తెలిసి, టైము చూసుకుంటున్నట్టు మణికట్టు వంక చూశాడు. ఆ చేతికి గడియారం లేదు.

మొదటి దుప్పటి కుడిచేత్తో చేశాడు. మూడోదానికి ఎడమచేయి సాయం పట్టాడు. ఆరోది సగంలో వదిలేసి గుమ్మంలోకి వెళ్ళి వీధి చూస్తూ నిలబడ్డాడు. వీధిలో చూడటానికేమీ లేదు.

నీకు చెప్పలేదు. పోయిన నెల డాక్టరుకి చూపించాం. మణికట్టులో నరం నలుగుతోందట. ఏడు కిలోల పెట్టె ఇంకో ఏడాది ఇలాగే తిప్పితే ఆ చేత్తో మంచినీళ్ళ గ్లాసు కూడా పట్టుకోలేడన్నాడు. ఆవిరి ఇస్త్రీ మెషిను ఉంటుంది. నీళ్ళ బాయిలరు కింద వేరేగా ఉంటుంది. చేతిలో పట్టుకునే పెట్టె తేలిక. అది కొంటే పనీ సాగుతుంది, చేయీ దక్కుతుంది. షాపు మీద వచ్చేది అద్దెకీ కరెంటుకీ తిండికీ సరి. అప్పు చేయనని తమ్ముడు మొండికేశాడు.

ఎనిమిదింటికి మరదలు సరుకులు తెచ్చింది. సంచి కింద పెట్టింది కానీ ఏదీ బయటికి తీయలేదు. ముందు బిల్లు తీసి నా బల్ల మీద పరిచింది. నాలుగు మూలలా నాలుగు గుండీల డబ్బాలు పెట్టింది. పైన, మధ్యన, కింద మూడు ఫోటోలు తీసింది.

"ఏంటిది, బిల్లుకి పాస్‌పోర్టు తీయిస్తున్నావా?" అన్నాడు తమ్ముడు.

"మీ చేతికి మందు," అంది తలెత్తకుండా.

ఏదో యాప్ అట. ఫలానా నూనె, ఫలానా సబ్బు కొన్నట్టు బిల్లు చూపిస్తే ధరలో కొంత వెనక్కి ఇస్తారట. అలా వచ్చిన చిల్లరంతా మెషినుకే అని అనుకుందట. ఎవరికీ చెప్పలేదు. మొదలుపెట్టి అప్పటికే మూడు వారాలైందట.

నవ్వాలో మెచ్చుకోవాలో తెలియలేదు. నీకు రాస్తున్నాను.

అక్క

—

హాస్టల్ స్టోరు గది,
ఫిబ్రవరి 11

అక్కా,

అన్నయ్య చేతి సంగతి నెల తర్వాతా నాకు చెప్పడం? నేనేమన్నా పక్కింటిదాన్నా? చదివిన దగ్గర్నుంచి ఇక్కడ బియ్యం తూస్తున్నా, నూనె కొలుస్తున్నా, కళ్ళ ముందు ఆ మణికట్టే. వందమంది నర్సింగ్ పిల్లలు ఉన్న హాస్టల్ ఇది, ఒక్కదాన్నయినా పట్టుకుని అడుగుతాను దీనికి వ్యాయామం ఏమైనా ఉందేమో.

ఇక వదిన యాప్ గురించి. అక్కా, నువ్వు దేవుణ్ణి నమ్మినంత తేలిగ్గా మనుషుల్ని నమ్ముతావు. పదేళ్ళుగా స్టోరు చూస్తున్నదాన్ని చెబుతున్నాను విను. ఊరికే ఎవరూ ఏదీ ఇవ్వరు. ఊరికే వస్తోందంటే జనం ఫినాయిలైనా తాగుతారని వాళ్ళకి తెలుసు. ఇవాళ సబ్బు మీద చిటికెడు వెనక్కిస్తారు, రేపు అక్కర్లేని సెంటుసీసా కొనిపిస్తారు. వదిన మంచిదే, కాదనను. కానీ ఫోను పట్టుకుని దుకాణానికి వెళ్ళే మనిషి చేతిలో సంచి కాదు, గోతం ఉండాలి.

ఒక పని చెయ్యి. ఆమె లేనప్పుడు వంటగది అటక చూడు. కొత్త డబ్బాలు ఎన్ని లేచాయో లెక్కపెట్టి రాయి. అప్పుడు మాట్లాడుకుందాం.

నీ చెల్లి

—

షాపు వెనక గది,
మార్చి 20

చెల్లికి,

అటక చూశాను. ఆమె లేనప్పుడు కాదు, ఉన్నప్పుడే. "నిచ్చెన పట్టుకోనా వదినగారూ?" అంది. పట్టుకుంది కూడా. సిగ్గేసింది.

అటక మీద కొత్తది ఒక్క డబ్బా లేదు.

ఆ తర్వాత రెండుసార్లు ఆమెతో దుకాణానికి వెళ్ళాను. చూసింది రాస్తాను.

ఇంట్లో ఏం అయిపోయిందో చూసి ముందు చీటీ రాస్తుంది. ఆ తర్వాతే ఫోను తెరుస్తుంది. చీటీలో ఉన్నవాటిలో వేటి మీద వెనక్కి వస్తుందో చూసి పక్కన చిన్న చుక్క పెడుతుంది. ఫోన్లో ఉండి చీటీలో లేనిదాని జోలికి పోదు. ఒక కాఫీ సీసా మీద సగం ధర వెనక్కి ఇస్తామని ఉంది. నాకే ఆశ పుట్టింది. చేతిలోకి తీసుకున్నాను కూడా.

"మిగతా సగం ఎవరిది వదినగారూ?" అంది.

సీసా తిరిగి పెట్టేశాను.

షరతులు చిన్న అక్షరాల్లో ఉంటాయి. అద్దాలు పెట్టుకుని మొత్తం చదువుతుంది. కొన్న పద్నాలుగు రోజుల్లోపు బిల్లు ఎక్కించాలి. తేదీ కనపడాలి. కాగితం నలగకూడదు. దుకాణం కార్డు మీద వచ్చే తగ్గింపు వేరు, యాప్ ఇచ్చేది వేరు, రెండూ ఒకే సామాను మీద కలిసొచ్చే రోజు చూసి నూనె కొంటుంది. పదో తరగతి తప్పానని ఎప్పుడూ నొచ్చుకునే మనిషి. నాకు ఆ తెలివి ఏ తరగతిలోనూ కనపడలేదు.

తమ్ముడికి ఒక్కటే బాధ. టీపొడి రకం వారానికోసారి మారుతోంది. "ఇవాళ ఎవరింటి టీ తాగుతున్నాం?" అని అడిగి మరీ తాగుతున్నాడు. కప్పు ఎడమచేత్తో పట్టుకుంటున్నాడు.

నీకోసం ప్రార్థిస్తున్నాను.

అక్క

—

హాస్టల్ స్టోరు గది,
ఏప్రిల్ 9

అక్కా,

నవ్వితే నవ్వు. నేనూ ఆ యాప్ వేసుకున్నాను. వదిన ఒక్కతేనా తెలివైనది అనుకున్నాను.

మొదటి రోజే జుట్టునూనె మూడు సీసాలు కొన్నాను, మూడు కొంటేనే ఎక్కువ ఇస్తామన్నారని. నా తల మీద ఉన్న జుట్టుకి ఒక్క సీసా ఏడాది వస్తుంది. బిల్లు ఫోటో తీశాను. తేదీ కనపడలేదని తిప్పి పంపారు. మళ్ళీ తీద్దామంటే బిల్లు ఎక్కడ పెట్టానో గుర్తులేదు. కొండ తవ్వి ఎలుకను పట్టినా నయం, నాకు ఎలుక కూడా దక్కలేదు. రెండు సీసాలు వంటామెకి ఇచ్చేశాను, మహాతల్లీ అని దండం పెట్టింది.

చీటీలో చుక్కలు పెట్టే పద్ధతి వదిన్ని అడిగి వివరంగా రాయి. నేను అడిగానని చెప్పకు. సరే, చెప్పు.

వ్యాయామం కాగితం ఇందులో పెట్టాను. అన్నయ్య చేత రోజూ చేయించు. ఎంతవరకు వచ్చింది మెషిను డబ్బు?

నీ చెల్లి

—

షాపు వెనక గది,
మే 14

చెల్లికి,

క్లుప్తంగా రాస్తున్నాను.

మెషిను దొరికింది. ఒక పెద్ద లాండ్రీ మూసేస్తున్నారు. వాడినదే, కానీ బాగుంది. నెలాఖరులోగా బయానా ఇస్తే మనకి ఉంచుతామన్నారు. ఆ తర్వాత ఎవరు ముందొస్తే వాళ్ళకే. మిగతాది వడ్డీ లేకుండా నెలనెలా ఇచ్చుకోవచ్చు.

బయానాకి కావలసినదాంట్లో మూడొంతులు మరదలు కూడబెట్టింది. మిగతా వంతు కూడా వచ్చే దారి ఉంది. ఈ నెలలో ఇరవై బిల్లులు ఎక్కిస్తే యాప్ వాళ్ళు అదనంగా ఇస్తారట. మనకి మామూలుగానే అన్ని బిల్లులు అవుతాయి.

కానీ నాలుగో తారీకున ఆమె ఫోను గంజి బకెట్‌లో పడింది. బాగుచేసేవాడు తొమ్మిది రోజులు ఉంచుకున్నాడు. తమ్ముడిది నంబర్లు నొక్కే పాత ఫోను, ఫోటో రాదు. ఆ రోజుల్లో కొన్నవాటి బిల్లులు తొమ్మిది, డబ్బాలో దాచింది. అవి పాడైపోయాయి. అక్షరాలు కనపడటం లేదు.

దేవుడి దయ.

అక్క

—

హాస్టల్ స్టోరు గది,
మే 18

అక్కా,

ఏమిటీ ఖర్మ! ఫోను గంజిలో పడేసుకోవడం ఒకటి, దాచిన బిల్లులు కూడా చూసుకోలేకపోవడం ఇంకొకటి. నాలుగు నెలలు చీమలా కూడబెట్టి, గుమ్మం దాకా వచ్చాక కాలు జారడం అంటే ఇదే. వదిన్ని నేను ఎంత మెచ్చుకున్నానో నీకు తెలుసు. ఇప్పుడు మాత్రం కోపం వస్తోంది. తొమ్మిది కాగితాలు జాగ్రత్త చేయలేని మనిషికి అంత లెక్కెందుకు? అన్నయ్య చేయి ఆ కాగితాల మీద ఆధారపడి ఉందని తెలియదా?

సరే, తిట్టి లాభం లేదు. ఇందులో పదకొండు బిల్లులు పెడుతున్నాను. మా హాస్టల్‌వి. ఒక్కొక్కటి నా చేయంత పొడవు, నూనె, పిండి, సబ్బు అన్నీ ఉన్నాయి. కంప్యూటర్లో ఎక్కించేశాం కాబట్టి కాగితాలు ఎలాగూ చెత్తబుట్టకే. వదిన చేత వెంటనే ఫోటోలు తీయించు. మెషిను మనదే.

నీ చెల్లి

—

షాపు వెనక గది,
మే 23

చెల్లికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ప్రార్థనకి కూర్చుంటే నీ మాటలే అడ్డొచ్చాయి. ముందు నీకు నిజం రాయమని అర్థమైంది.

బిల్లులు పాడుచేసింది మరదలు కాదు. నేను.

డబ్బాలో ఉన్నవి నలిగిపోయి ఉన్నాయి. రెండింటి మీద గంజి చింది గట్టిపడింది. నలిగితే యాప్ వాళ్ళు తీసుకోరని చదివి వినిపించిందిగా. ఫోను రాకముందే సిద్ధం చేసి పెడదామనుకున్నాను. ముప్పై ఏళ్ళుగా నలిగినదాన్ని చూస్తే నా చేతికి తెలిసిన పని ఒక్కటే. చిన్న పెట్టె వేడి చేశాను. పైన గుడ్డ వేసి, తొమ్మిదీ వరసగా పేర్చి, చక్కగా ఇస్త్రీ చేశాను.

గుడ్డ తీసి చూస్తే తొమ్మిదీ బొగ్గులా ఉన్నాయి. ఆ కాగితం మీద సిరా ఉండదట. వేడికే అక్షరాలు పడతాయట. నేను కాగితమంతా ఒకే అక్షరం చేసేశాను.

మరదలు వచ్చి చూసింది. ఒక నల్ల కాగితం తీసి వెలుతురుకి పట్టుకుంది.

"అంచులు మాత్రం బ్రహ్మాండంగా వచ్చాయి వదినగారూ," అంది.

తమ్ముడు అడిగితే "వేడి తగిలి పోయాయి" అని ఊరుకుంది. ఎవరి వేడో చెప్పలేదు. నేనూ చెప్పలేదు. పోయిన ఉత్తరంలో నీకూ చెప్పలేదు. ఆమెను నువ్వు అన్న మాటలు నాకు రావలసినవి.

నేను నీకు పోయిన ఉత్తరం రాసిన మర్నాడు ఎండలో నల్ల కాగితాలు పట్టుకుని మూడు దుకాణాలు తిరిగింది. ఏ రోజు ఏ టైముకి ఏం కొన్నదో అన్నీ నోటికి చెప్పింది. ఒక కౌంటరు అమ్మాయి ఆ జ్ఞాపకం చూసి ముచ్చటపడి ఐదు బిల్లులు మళ్ళీ తీసి ఇచ్చింది. మిగతా రెండు దుకాణాలవాళ్ళు కుదరదన్నారు. నాలుగు పోయాయి. నెలాఖరుకి పదహారు అవుతాయి. ఇరవై కావు.

"ఇంకో నాలుగు సార్లు ఏదో ఒకటి కొంటే?" అన్నాను.

"అక్కర్లేనిది కొని అక్కరకి దాచుకుంటామా?" అంది.

నీ పదకొండు బిల్లులు ఈ కవరులోనే తిరిగి పంపుతున్నాను. పంపమన్నది ఆమె. వాటిని ముట్టుకోవడానికి ముందు చేతులు తుడుచుకుంది, అంత గౌరవంగా చూసింది. అప్పుడంది: "ఆడపడుచు మనసు పెద్దది. కానీ ఆ పిండి తిన్నది మనం కాదు కదా వదినగారూ. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టవుతుంది. పైన హాస్టల్ పేరుంది, రేపు ఎవరైనా అడిగితే మాట పడేది ఆమె." ఇలా మడత పడకుండా అట్ట మధ్య పెట్టి ఇచ్చింది. నన్ను అతికించనివ్వలేదు, తనే అతికించింది.

కోపం తెచ్చుకోకు.

అక్క

—

హాస్టల్ స్టోరు గది,
మే 27

అక్కా,

మొదట కోపం వచ్చింది. నిజం చెబుతున్నాను. కవరు చింపి, నా బిల్లులు నాకే తిరిగొచ్చాయని చూసి, "ఓహో, మా సాయం కూడా పనికిరాలేదా" అనుకున్నాను. ఉత్తరం పూర్తిగా చదవకుండా సొరుగులో పడేశాను.

గంట తిరక్కుండా వార్డెనమ్మ పిలిచింది. ఆడిటరు వచ్చాడట. కంప్యూటర్లో లెక్క చాలదట, ఈ నెల కాగితం బిల్లులన్నీ చూపించమన్నాడట. అక్కా, పదకొండు బిల్లులు ఊరు దాటించానని ఏ నోటితో చెప్పను? అప్పుడు గుర్తొచ్చింది, అవి సొరుగులోనే ఉన్నాయని. అట్ట మధ్య, ఒక్క మడత లేకుండా. తీసుకెళ్ళి ఇచ్చాను. "ఇంత శుభ్రంగా ఎవరూ ఉంచరే!" అన్నాడు ఆయన. వార్డెనమ్మ నా భుజం తట్టింది. ఆ మెప్పు ఎవరిదో నాకు తెలుసు, వాళ్ళకి తెలియదు.

తర్వాత గదికొచ్చి నీ ఉత్తరం మొత్తం చదివాను. నువ్వు ఇస్త్రీ చేసిన దగ్గర ఎంత నవ్వానో, ఆమె నిన్ను దాచిన దగ్గర అంత ఏడ్చాను. పోయిన ఉత్తరంలో నేను రాసిన మాటలు ఆమెకి చదివి వినిపించలేదు కదా? వినిపిస్తే నన్ను క్షమించమను. వినిపించకపోతే వినిపించి క్షమించమను.

నా దగ్గరున్నది పంపనా? ఎక్కువ లేదు. అన్నయ్య తీసుకోడని తెలుసు. అయినా అడుగుతున్నాను. నెలాఖరు ఇంకా నాలుగు రోజులే. ఏమైందో వెంటనే రాయి.

నీ చెల్లి

—

షాపు వెనక గది,
మే 31

చెల్లికి,

మెషిను పోయింది. పదహారు బిల్లులే అయ్యాయి. మధ్యాహ్నం లాండ్రీవాళ్ళు కబురు పంపారు, ఇంకెవరో పూర్తి డబ్బుతో వచ్చారని.

సాయంత్రం షట్టరు దించి ముగ్గురం ఇస్త్రీబల్ల చుట్టూ కూర్చున్నాం. నువ్వు ఆమెను అన్న మాటలు, క్షమించమన్నది, డబ్బు పంపనా అన్నది చదివి వినిపించాను. "క్షమించడానికేముంది, నాకూ మొదట వదినగారి మీద ఒక్క క్షణం కోపం వచ్చింది," అంది మరదలు. తమ్ముడు "ఎందుకు?" అన్నాడు. అప్పుడు చెప్పాను, కాల్చింది నేనేనని.

తమ్ముడు నోరు తెరుచుకుని చూశాడు. తర్వాత పడీపడీ నవ్వాడు. "అక్కా, నీ ముందు ముఖం చిట్లించాలన్నా భయమే, ముడతలున్నాయని పెట్టె తెస్తావు!" అన్నాడు. నీ డబ్బు నీ దగ్గరే ఉంచమన్నాడు. అన్నయ్య మాట వినాలని నీకు చెప్పమన్నాడు.

నవ్వు అయ్యాక అన్నాడు: "పోనీ, ఇంకో మెషిను దొరుకుతుంది. ఆర్నెల్లు ఆగుదాం. ఈలోపు చేయి ఊడిపోదులే."

"ఊడిపోదు," అంది మరదలు. "మీతోనే ఉంటుంది. పని చేయదంతే."

తమ్ముడు కుడిచేతిని బల్ల కిందికి దించుకున్నాడు.

"నేను బిల్లులు ఏరింది మెషిను కోసం అనుకున్నారా? ఈ నెల మెషిను రాలేదు. సరే. చేయి కూడా వాయిదా వేద్దామా?" అంది. గొంతు పెంచలేదు. నాలుగు నెలల్లో ఆమె తనకంటూ అడిగిన మాట అదొక్కటే.

తమ్ముడు దుప్పట్ల మూటల వంక చూశాడు. "గెస్ట్‌హౌస్ పని మానేస్తే సగం సంపాదన పోతుంది," అన్నాడు.

"సగం సంపాదనతో ఇల్లు నడపడం నాకొదిలేయండి," అంది.

నేను ఆమెను నమ్మాను. ఆ మాటే పైకి అన్నాను.

సాయంత్రం అనుకున్నవి ఇవి. రేపటి నుంచి తమ్ముడు ఇస్త్రీపెట్టె ముట్టుకోడు. పెద్దది అటకెక్కించేశాం, నిచ్చెన నేను పట్టుకున్నాను. గెస్ట్‌హౌస్ దుప్పట్లు మెషిను వచ్చేదాకా ఒప్పుకోం. చొక్కాలు, లాగులు, పిల్లల యూనిఫారాలు చిన్న పెట్టెతో నేనూ మరదలూ చేస్తాం. కూడబెట్టిన మూడొంతులు ఎవరం కదిలించం. బట్టలు ఇచ్చిరావడం, సరుకులు తేవడం తమ్ముడి వంతు.

"నాకా ఆ ఫోను? ఎరుపు నొక్కు, పచ్చ నొక్కు తప్ప నాకేం తెలుసు?" అన్నాడు.

"పొద్దున్నే నేర్పుతాను. ఫోటోకి ఒక్క వేలు చాలు," అంది మరదలు.

చివరికి, ఒప్పుకున్నట్టు చేయి ఎత్తమంది. నేను ఎత్తాను. తమ్ముడు కుడిచేయే ఎత్తాడు. వేళ్ళు పూర్తిగా విచ్చుకోలేదు. మరదలు ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా బల్ల మీదికి దించి, "ఒప్పుకున్నారు," అంది.

అక్క